సలహాలు లక్షల్లో, సమాధానాలు ఎన్ని?

మన ప్రభుత్వాలన్నింటికీ ఇప్పుడు 2047 ఇష్టమైన సంవత్సరం. స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండేనాటికి దేశం ఎలా ఉండాలో చెప్పమని 2023 డిసెంబరు 11న కేంద్రం యువతను అడిగింది. ‘వికసిత్ భారత్’ పేరిట లక్షల సలహాలు వచ్చాయని ఆ తర్వాత ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 13న విజయవాడలో ‘స్వర్ణాంధ్ర 2047’ పత్రాన్ని విడుదల చేస్తూ, దాని వెనక లక్షల మంది అభిప్రాయాలున్నాయని చెప్పుకుంది. తెలంగాణ కూడా పౌరుల సర్వే జరిపి, 2025 డిసెంబరులో ‘తెలంగాణ రైజింగ్ 2047’ను బయటపెట్టింది. ఒకరి గురి 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ, మరొకరిది 3 ట్రిలియన్. పాతికేళ్ల ప్రణాళికను కన్సల్టెంట్లు గదిలో కూర్చుని రాసిచ్చిన రోజులు తెలిసినవాళ్లకు ఈ అడగడమే ఒక మెట్టు పైకెక్కినట్టు అనిపిస్తుంది, అది నిజం కూడా. కానీ ఎన్ని సలహాలు వచ్చాయన్న అంకె మోగినంతగా తక్కినవేవీ వినపడవు. ఏ సలహా ఏ పేజీలోకి చేరింది, ఏది ఏ కారణంతో పక్కకు పోయింది, ఒకదానికొకటి పొసగని రెండు కోరికల్లో దేన్ని ఎంచుకున్నారు అన్నది మామూలు పౌరుడు తెలుసుకునే దారి లేదు. పెళ్లిలో చదివింపుల పద్దు చూసినా ఎవరు ఎంత ఇచ్చారో వరసగా రాసి ఉంటుంది, ఇక్కడ మిగిలేది అడుగున వేసిన మొత్తం ఒక్కటే. సలహాల సేకరణ మీద ఇన్నేళ్లలో మన దేశంలోనూ బయటా పోగుపడిన అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: జవాబు చెప్పి తీరాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద లేనిచోట ఎంత భారీ సేకరణ అయినా ప్రచారంగానే మిగులుతుంది. ఆ బాధ్యత ఉన్నచోట చిన్న గ్రామసభ కూడా విధానాన్ని కదిలించగలుగుతుంది.

ముందు ప్రశ్న సంగతి. ‘మీకేం కావాలి?’ అని అడిగితే ఏమొస్తుందో తెలుసుకోవడానికి కొత్త సర్వే అక్కర్లేదు, ఐక్యరాజ్యసమితి ఆ పని ప్రపంచమంతటా చేసి చూపించింది. 2015 తర్వాతి అభివృద్ధి లక్ష్యాల కోసం ‘మై వరల్డ్’ పేరుతో నడిపిన సర్వేలో 16 అంశాలిచ్చి, మీకు ముఖ్యమైనవి ఆరు ఎంచుకోమన్నారు. కోటికి కాస్త తక్కువగా, 97 లక్షల మంది పాల్గొన్నారు. స్వచ్ఛంద సంస్థల వాళ్లు కాగితాలు పట్టుకుని ఊళ్లు తిరిగారు కాబట్టి ఇది ఇంటర్నెట్ ఉన్నవాళ్ల ముచ్చట అని కొట్టిపారేయడానికీ లేదు. తేలిందేమిటి? మంచి చదువు మొదటిది, వైద్యం రెండోది, ఉద్యోగాలు మూడోది, నిజాయితీ గల ప్రభుత్వం నాలుగోది. వాతావరణ మార్పు అట్టడుగున, పదహారోది. ఈ వరసను ఎవరూ తప్పుపట్టలేరు. తప్పుపట్టడానికి వీల్లేకపోవడమే దానితో చిక్కు. చదువు వద్దనే ప్రభుత్వం ఎక్కడా లేదు. నిర్ణయించాల్సింది చదువుకు డబ్బు దేన్నుంచి తీయాలి, ఊరి బడికా విశ్వవిద్యాలయానికా, ఏ భాషలో అన్నది. ధర చీటీ లేని ప్రశ్నకు వచ్చేది కోరికల చిట్టా, దాన్ని చూపించి ఏ విధానాన్నయినా ప్రజాభిప్రాయంగా చలామణి చేయవచ్చు. రిజర్వాయరూ కావాలి, ముంపూ ఉండకూడదు. ఉచిత కరెంటూ కావాలి, డిస్కంలకు అప్పులూ ఉండకూడదు. ఈ రెండేసి మాటల మధ్య ఉన్న పీటముడిని పౌరుడి ముందు పెట్టకుండా భవిష్యత్తు గురించి అడగడం అతన్ని పసివాడి కింద జమకట్టడమే.

ఇక లక్షల అంకె గురించి. 2015లో ఇంటర్నెట్ సమానత్వం మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు కోరితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. ఆ ఏడాది చివర్లో సేవను బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడం మీద మరో చర్చాపత్రం వెలువడినప్పుడు ఫేస్‌బుక్ కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చే తన ‘ఫ్రీ బేసిక్స్’కు మద్దతుగా వాడుకరుల చేత ఒకే మూస ఉత్తరాలు లక్షల్లో పంపించింది. మేం అడిగిన ప్రశ్నలకు ఇవి జవాబులు కావని ట్రాయ్ నిర్మొహమాటంగా చెప్పింది. చివరకు 2016 ఫిబ్రవరి 8న ఆ వేర్వేరు ధరలను నిషేధిస్తూ, అందుకు కారణాలు వివరిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అక్కడ నెగ్గింది సంఖ్య కాదు; ప్రశ్న సూటిగా ఉంది, వాదన ఆ ప్రశ్నకు తగిలింది, కారణాలు రాసివ్వాల్సిన సంస్థ ఉంది. 2020 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా కథ ఇంకో రకం. లాక్‌డౌన్ రోజుల్లో ఇంగ్లీషు, హిందీల్లో పెట్టి అభ్యంతరాలు చెప్పమన్నారు. గనుల పక్కన, కాలువ గట్ల మీద బతికేవాళ్లకు అందులో ఏముందో తెలిసే వీలు లేదు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ తర్జుమా చేయించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం ఆ పని చేయడానికి బదులు ఆదేశం మీద పోరాడింది. అయినా అభ్యంతరాలు లక్షల్లో వచ్చాయి, ముసాయిదా ఎటూ తేలకుండా ఆగిపోయింది, రాసినవాళ్లకు జవాబూ లేదు.

ఎవరు పాల్గొంటున్నారన్నది దీనికి తోకలా వచ్చే ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఈ లెక్క పెరిగే ఉంటుంది. అయినా ఫోను ఇంట్లో ఉండటం వేరు, అది ఆమె చేతిలో ఉండటం వేరు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రాష్ట్ర భవిష్యత్తు చెప్పమంటే ముందుగా చెప్పేది ఎవరో ఊహించడం కష్టం కాదు. పశ్చిమ బెంగాల్‌లో రిజర్వేషన్ వల్ల మహిళలు సర్పంచులైన పంచాయతీల్లో మంచినీటి మీద ఖర్చు పెరిగిందని, ఆ ఊళ్లలో మహిళలు ఎక్కువగా ఫిర్యాదు చేసే విషయం కూడా అదేనని ఆర్థికవేత్తలు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తర్ డఫ్లో 2004లో చూపించారు. వినే కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి వినపడే మాట మారుతుంది.

తెలుగు నేల మీద ఈ చర్చకు పాత చరిత్ర ఉంది, అది ఇప్పటి పత్రాలు తలుచుకోని చరిత్ర. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సే సంస్థ సాయంతో ‘విజన్ 2020’ తయారుచేసింది. భూమి మీద ఆధారపడి బతికేవాళ్లను దాదాపు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం దాని లెక్కల్లో ఒకటి. ఆ తగ్గాల్సిన ముప్ఫై శాతంలో ఎవరినీ ఎవరూ అడగలేదు. రెండేళ్ల తర్వాత, 2001 జూన్ చివర్లో, మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గరి అల్గోల్ గ్రామంలో ‘ప్రజాతీర్పు’ పేరుతో ఒక ప్రయోగం జరిగింది. చిన్న, సన్నకారు రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు, అందులోనూ స్త్రీలు. వారి ముందు మూడు భవిష్యత్తులు ఉంచారు: విజన్ 2020 చెప్పిన యాంత్రిక వ్యవసాయం, ఎగుమతుల కోసం సేంద్రియ సాగు, స్థానిక అవసరాలకు స్వావలంబన వ్యవసాయం. ప్రభుత్వ అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు సాక్షులుగా వచ్చి తమ వాదన చెప్పారు, జ్యూరీ వాళ్లకు ఎదురు ప్రశ్నలు వేసింది. రోజుల తరబడి విని, తమలో తాము చర్చించుకుని, మూడింటిలో ఒకదాన్ని అలాగే ఎత్తుకోకుండా తమ సొంత మాట చెప్పారు. నేల సత్తువ నిలవాలి, పంటలు, పశువులు, చెట్లు కలిసి ఉండాలి, స్థానిక వనరుల మీద పెత్తనం ఊరిదే కావాలి. భూముల ఏకీకరణ, కాంట్రాక్టు సాగు, కూలి పోగొట్టే యంత్రాలు, జన్యుమార్పిడి విత్తనాలు, ఔషధ మొక్కలు చేజారిపోవడం, భూమి నుంచి జనాన్ని తగ్గించడం తమకు వద్దన్నారు.

దీని మీద వచ్చిన విమర్శ గట్టిదే, దాన్ని దాటవేయకూడదు. రాష్ట్రానికి సాయం అందిస్తున్న బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ, ఈ జ్యూరీ రాష్ట్ర రైతాంగానికి ప్రతినిధి కాదని, నిర్వహించినవాళ్లకు ముందే ఒక మొగ్గు ఉందని తప్పుపట్టింది. ఇంకో ఎదురుదెబ్బ పొలాల్లోంచే తగిలింది. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక కొద్ది ఏళ్లలోనే తెలుగు రైతులు దాన్ని ఎగబడి వేశారు. జ్యూరీ మాట ఒకటి, రైతు చేత ఒకటి అయితే ఏది నమ్మాలి? రెండూ నమ్మాల్సినవే అంటాను. పక్కవాడు వేస్తున్న విత్తనం, దుకాణంలో అప్పుకు దొరుకుతున్న విత్తనం, ఈ కారు గట్టెక్కించే విత్తనం ఏదో చూసుకునే రైతు ఒక ప్రశ్నకు జవాబిస్తున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత విత్తనం ఎవరి చేతిలో ఉండాలని అడిగితే ఆ రైతే మరో ప్రశ్నకు జవాబిస్తాడు. మొదటి జవాబు మార్కెట్ ఎలాగూ రాబడుతుంది, రెండోది అడిగితే గాని రాదు. ప్రాతినిధ్యం మాటకొస్తే, ఆ కొలతకు ప్రజాతీర్పు పూర్తిగా నిలవదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అదే కొలతబద్దను మెకిన్సే బృందం ముందు ఎవరూ పెట్టలేదు, ఇప్పటి సర్వేలకు తమంతట తాము జవాబు పంపినవాళ్ల ముందూ పెట్టడం లేదు. జ్యూరీ చేసే పని ఓట్ల లెక్క కాదు. విని, ఆలోచించిన మనిషి ఏమంటాడో బయటపెట్టడం. విజన్ రాసినవాళ్లు ఆ కారణాలకు జవాబు రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా రాష్ట్రంలో పనిచేసేవాళ్లలో సగానికి మించి సాగుదారులో, వ్యవసాయ కూలీలో.

సలహాకు డబ్బు తోడైతే ఏమవుతుందో కేరళ చూపించింది. 1996 ఆగస్టులో మొదలైన ప్రజాప్రణాళిక ఉద్యమంలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ముందే చెప్పేశారు. అంటే గ్రామసభలో పలికిన మాటకు వెనక నిధి ఉంది. వార్డు స్థాయి సభల్లో సమస్యలు చెప్పించారు. ప్రతి పంచాయతీ తన వనరుల లెక్క, చరిత్ర, లోట్లు కలిపి అభివృద్ధి నివేదిక రాసుకుంది. దాని మీద సదస్సు పెట్టి రంగాలవారీ బృందాలు వేసుకుంది. రిటైరైన ఇంజినీర్లు, డాక్టర్లు, అధ్యాపకులు స్వచ్ఛందంగా అంచనాలు సరిచూశారు. కోరికకూ పథకానికీ మధ్య ఉండే లెక్కల పనిని జనానికి దూరంగా పెట్టకుండా వాళ్లతోనే చేయించడం ఇందులో అసలు విశేషం. లోపాలు లేవా? బోలెడు. మధ్యతరగతి గ్రామసభలకు మొహం చాటేసింది. క్రమంగా చాలాచోట్ల అవి లబ్ధిదారుల ఎంపిక సభలుగా కుదించుకుపోయాయి. ఊరి డ్రైనేజీ గురించి మాట్లాడినంత బాగా నదీ పరీవాహకం గురించి మాట్లాడలేకపోయాయి. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రి 1989లో మొదలుపెట్టిన ప్రజా బడ్జెట్‌కూ ఈ హద్దే ఎదురైంది. అయితే ఆ పద్ధతి పట్టుకున్న బ్రెజిల్ నగరాల్లో వైద్యం, పారిశుద్ధ్యం మీద ఖర్చు పెరిగి శిశు మరణాలు తగ్గాయని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. హద్దు ఉన్నంత మాత్రాన పని జరగలేదని అనలేం.

ఇక్కడ నిపుణుల అభ్యంతరం ముందుకొస్తుంది: జనం రేపటి గురించి ఆలోచిస్తారు, ఎల్లుండి గురించి కాదు, దీర్ఘకాలం వాళ్లకు అప్పగిస్తే ముక్కలు ముక్కలుగా పంచేసుకుంటారు అని. వినడానికి సబబుగా ఉన్నా, సాక్ష్యం దీనికి అంతగా అనుకూలించదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలోని నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకంపై 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. ఉద్యోగం, పరిహారం అనే తక్షణ లాభం బల్ల మీద ఉండగా అక్కడి డోంగ్రియా కోంధు ఆదివాసీలు ఎంచుకున్నది కొండ, వాగు. వాళ్ల నిర్ణయం తప్పని వాదించవచ్చు, ముందుచూపు లేదని మాత్రం అనలేం. దీర్ఘకాలాన్ని చూడలేకపోవడం ఎన్నికల పంచాంగం పట్టుకుని నడిచే ప్రభుత్వాలకే ఎక్కువ. నిజంగా పౌరుడికి అందని విషయాలు ఉన్నాయి: ద్రవ్య విధానం, గ్రిడ్ రూపకల్పన, ఓడరేవు లోతు. వాటి మీద జనం చేత ఓటు వేయించమని ఎవరూ అనడం లేదు. ఓడరేవు వస్తే మత్స్యకార పల్లె ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఇంజినీరింగ్ ప్రశ్న కాదు.

ఎన్నికలు ఉన్నాయి కదా, మళ్లీ ఈ సభలెందుకు అనేది రెండో మాట. 2004లో ఉమ్మడి ఆంధ్రలో విజన్ రాసిన ప్రభుత్వం చిత్తుగా ఓడిపోయింది. అది విజన్ మీద తీర్పా, కరువు మీదా, కరెంటు బిల్లుల మీదా, తెలంగాణ పొత్తు మీదా? ఎవరికి నచ్చిన భాష్యం వాళ్లు చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఓటు అధికారాన్ని మార్చగలదు గాని 312వ పేజీలో ఏం తప్పో చెప్పలేదు. ఐదేళ్లకోసారి నొక్కే ఒక్క మీట మీద పాతికేళ్ల భారం మోపితే అది మోయదు.

జవాబు అంటే ఎలా ఉండాలన్నదానికి నమూనాలు మనకే ఉన్నాయి. 2010లో బీటీ వంకాయ మీద కేంద్ర మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. దాదాపు ఎనిమిది వేల మంది వచ్చారు. కొన్నిచోట్ల రభస జరిగింది, శాస్త్రాన్ని గుంపుకు వదిలేశారని శాస్త్రవేత్తలు మండిపడ్డారు. అయితే ఫిబ్రవరి 9న తాత్కాలికంగా నిలుపుతూ నిర్ణయం ప్రకటించినప్పుడు ఆయన తనకు అందిన వాదనలను, రాష్ట్రాల ఉత్తరాలను, తన కారణాలను అందరికీ కనిపించేలా ప్రచురించారు. ఆ నిర్ణయం నచ్చనివాళ్లకు కూడా దేనితో పోట్లాడాలో తెలిసింది. 2019 మేలో జాతీయ విద్యావిధానం ముసాయిదా బయటికి రాగానే హిందీ తప్పనిసరి అనిపించే వాక్యం మీద తమిళనాడు భగ్గుమంది, కొద్ది రోజుల్లోనే ఆ వాక్యం మారింది. ఎదురుగా రాతపూర్వకమైన వాక్యం ఉంటేనే జనం దాన్ని మార్చగలిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద నడిపిన సామాజిక తనిఖీల్లో కూలీ చెప్పిన ఫిర్యాదును ప్రజావేదికలో అందరి ఎదుట చదివి, అధికారి చేత అక్కడికక్కడే సమాధానం చెప్పించేవారు. తేలిన అక్రమాల సొమ్ము పూర్తిగా వసూలు కాలేదన్న విమర్శ ఉంది. కానీ చదువు రాని మనిషి మాటకు ప్రభుత్వం బదులు పలికే పద్ధతి ఒకటి ఈ నేల మీదే తయారైంది, దాన్ని దేశం నేర్చుకుంది. గుంతలు తవ్విన లెక్కకు పనికొచ్చిన పద్ధతి రాష్ట్ర భవిష్యత్తు పత్రానికి ఎందుకు పనికిరాదు?

ప్రభుత్వం మారినా ఈ సేకరణ నిలబడటం ఇంకో సమస్య. మలేసియా 2017లో ‘టీఎన్50’ పేరుతో 2050 నాటి దేశం ఎలా ఉండాలో చెప్పమని యువత దగ్గర ఊరూరా ఆకాంక్షలు సేకరించింది. 2018 మేలో ప్రభుత్వం ఓడిపోయింది. ఆకాంక్షలూ దానితోపాటే అటకెక్కాయి, మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం 2030 పేరుతో మరో పత్రం తెచ్చింది. కేరళలో 2001లో వామపక్ష ప్రభుత్వం పోయింది, కార్యక్రమం పేరూ మారింది. స్థానిక సంస్థల నిధుల వాటా మాత్రం నిలిచింది. అది నినాదంలో కాక చట్టాల్లో, ఏ పంచాయతీకి ఎంతో పేరుపేరునా రాసే బడ్జెట్ నాలుగో అనుబంధంలో ఉండటమే కారణం. మన రెండు రాష్ట్రాల పత్రాలూ ఒక్కో ముఖ్యమంత్రి పేరుతో ముడిపడి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు నియోజకవర్గానికో విజన్ ప్రణాళిక అంటోంది, దాని పగ్గం ఎమ్మెల్యే చేతిలో. రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణ ఈ పనికోసమే జిల్లా ప్రణాళికా సంఘాన్ని ఏర్పరచింది. అందులో అయిదింట నాలుగు వంతుల సభ్యులు స్థానిక సంస్థలకు ఎన్నికైనవాళ్లే కావాలంది. మూడు దశాబ్దాలుగా దాన్ని మొక్కుబడిగా ఉంచి, కొత్త వేదికలు కట్టుకుంటూ పోవడంలో ఆంతర్యం ఏమిటో పాలకులే చెప్పాలి. ఆ సంఘాల ముందు ఏటా ఒక జవాబు పత్రం పెట్టవచ్చు: జిల్లా నుంచి వచ్చిన సలహాలు, తీసుకున్నవి, తీసుకోనివి, కారణాలు, కేటాయించిన డబ్బు, అన్నీ తెలుగులో, ఉర్దూలో, గిరిజన ప్రాంతాల్లో చదివి వినిపించేలా. మొదటి పత్రం వచ్చే బడ్జెట్‌తో పాటు రావడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ప్రణాళికా శాఖ ఉత్తర్వు ఒకటి చాలు.